వియన్నా సంగీత నాటకశాల

మాటలకు బదులు పాటలతోనే కథ నడచు పాశ్చాత్య నాటకమునకు ఆపెరా యని పేరు. మన యక్షగానము నెరిగినవారికి ఇది వింతగా తోచదు. అట్టి నాటకములకు ఐరోపాలో పేరుపొందిన శాలలలో ఆస్ట్రియా రాజధానియగు వియన్నాలోనిది యొకటి.

నగరమును చుట్టియున్న పాత కోటగోడలను పడగొట్టవలసినదని 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆజ్ఞాపించెను. ఆ చోట విశాలమైన రాజమార్గము వెలసెను. ఆ మార్గమున మొదట లేచిన మహాభవనము ఈ నాటకశాలయే. 1861లో పని ప్రారంభమయ్యెను. వాన్ డెర్ న్యుల్, సికార్డ్స్‌బర్గ్ అను మిత్రులిరువురు దీనికి వాస్తుశిల్పులు. మొదటివాడు అలంకరణమునందు, రెండవవాడు కట్టడపు పొందికయందు నేర్పరి. ముందువైపున అంతస్తుమీద అంతస్తుగా కమానులు తీర్చిరి. పై కమానులలో ఐదు కంచు విగ్రహములు నిలిచినవి.

పని సాగుచుండగా భవనము ఎదుటి వీథిని సుమారు ఒక మీటరు ఎత్తు చేసిరి. దానితో భవనము నేలలో క్రుంగినట్లు కనబడెను. దోషము శిల్పులది కాదు. నింద మాత్రము వారిదే అయ్యెను. ‘మునిగిన పెట్టె’ యని జనులు పరిహసించిరి. 1866లో కోనిగ్రాట్జ్ వద్ద ఆస్ట్రియా సేనలు ప్రష్యా చేతిలో ఓడియుండెను. ఈ భవనమును ‘వాస్తుకళలో కోనిగ్రాట్జ్’ అనిరి. ఇంతకంటె కఠినమైన మాట ఆనాటి వియన్నాలో వేరొకటి ఉండబోదు.

స్వభావముచేతనే దిగులు చెందు వాన్ డెర్ న్యుల్ 1868 ఏప్రిలులో తన ప్రాణము తానే తీసికొనెను. రెండు నెలలు దాటగానే సికార్డ్స్‌బర్గ్ కూడ మరణించెను. 1869 మే 25న మోజార్టు కూర్చిన ‘డాన్ జొవాన్నీ’తో శాల తెరచినప్పుడు దానిని చూచుటకు ఆ ఇద్దరిలో ఒక్కరును లేరు. చక్రవర్తియు మొదట ఆక్షేపించినవాడే యనియు, అటుపిమ్మట ఏ కళాకృతిని చూపినను ‘చాల బాగున్నది, సంతోషించితిని’ అని మాత్రమే పలికెడివాడనియు చెప్పుదురు.

1945 మార్చి 12న శాలపై బాంబులు పడినవి. రంగస్థలము, ప్రేక్షకశాల కాలిపోయెను. నటుల దుస్తులు లక్షకు పైగా బూడిదయ్యెను. మిగిలినవి పెద్ద మెట్లును, ముఖభాగమును. పూర్వులు చూచి నవ్విన ముఖమదే! దానిని చెక్కుచెదరనీయక కాపాడి, ఎరిక్ బోల్టెన్‌స్టెర్న్ అను శిల్పి లోపలి శాలను నూతనముగా నిర్మించెను.

యుద్ధానంతరము పదియేండ్లు ఆస్ట్రియాలో విడిసియున్న పరదేశ సేనలు 1955లో వెడలిపోయెను. ఆ నవంబరు 5న శాల మరల తెరవబడెను. ఆనాడు ప్రదర్శించినది బేథోవెన్ కూర్చిన ‘ఫిడేలియో’: అన్యాయముగా చెరలో పడిన భర్తను, మగవేషము ధరించి భార్య విడిపించిన కథ. లోపల చోటు దొరకని జనులు ఆ ముఖద్వారము ఎదుట, ఒకనాడు ఎత్తుచేసిన ఆ వీథిలోనే నిలిచి, ధ్వనివర్ధకములనుండి వచ్చు పాటను వినిరి.