బరువు సరిగ్గానే ఉంది, పొట్ట తగ్గాలి: ఎలా?

హైదరాబాద్ శివార్లలోని పీర్జాదిగూడ, బోడుప్పల్, మేడిపల్లి కాలనీల్లో పొద్దున్నే నడకకి వచ్చేవాళ్లందరూ లావుగా ఉన్నవాళ్లే అనుకుంటే పొరపాటు. చూడ్డానికి సన్నగా ఉండి, డాక్టరు దగ్గర "మీ బరువు బాగానే ఉందమ్మా" అనిపించుకుని వచ్చి కూడా "ఇంకో మూడు కిలోలు తగ్గితే చాలండీ" అనేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒకరికి చెల్లెలి పెళ్లి దగ్గర పడుతోంది. ఒకరికి నిరుటి ప్యాంటు బొత్తం పడటం లేదు. ఇంకొకరికి నాన్నగారికి నలభై దాటగానే షుగర్ వచ్చిందన్న భయం. దొరికే సలహాలన్నీ మాత్రం ఇరవై, ముప్పై కిలోలు తగ్గాల్సినవాళ్ల కోసం చెప్పినవి. మూడు కిలోలవాళ్లు వాటిని పట్టుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. అందుకే ఈ పద్ధతి వేరుగా చెప్పాల్సి వస్తోంది.

మొదట: అసలు తగ్గాలా?

మీ బరువుని కిలోల్లో రాసుకోండి. ఎత్తుని మీటర్లలో రాసుకుని, దాన్ని దానితోనే గుణించి, వచ్చినదానితో బరువుని భాగించండి. అదే బీఎంఐ. భారతీయులకి 18.5 నుంచి 22.9 వరకు మామూలు బరువు, 23 దాటితే ఎక్కువ బరువు. 160 సెంటీమీటర్ల ఎత్తున్నవాళ్లకి ఇది సుమారు 47 నుంచి 58 కిలోలు. 170 సెంటీమీటర్లవాళ్లకి 53 నుంచి 66.

బీఎంఐ 20 కంటే తక్కువుంటే ఇక్కడితో ఆగిపోండి, తగ్గాల్సింది ఏమీ లేదు. గర్భిణులు, బిడ్డకి పాలిస్తున్న తల్లులు, 18 ఏళ్లలోపు పిల్లలు ఈ ప్రయత్నం చేయకూడదు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. నెలసరి తప్పుతున్నా, తిండి గురించిన భయం ఇంతకు ముందు ఎప్పుడైనా మిమ్మల్ని జబ్బు మనిషిని చేసినా, ముందు డాక్టర్నే కలవండి. ఏ ప్రయత్నమూ లేకుండానే బరువు తగ్గుతుంటే సంతోషపడకండి. టీబీ, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి.

మరి బీఎంఐ 22 ఉన్నవాళ్లకి పొట్ట ఎందుకుంటుంది? 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక చిన్న వ్యాసం ఇద్దరు డాక్టర్ల ఫొటోతో వచ్చింది. ఒకరు పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. కానీ యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. బీఎంఐ ఒకటే, లోపలి సరుకు వేరు. మనవాళ్లలో కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉండటం, ఆ కొవ్వు పొట్ట చుట్టూ చేరటం మామూలు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. అందులో పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువున్నవాళ్లు 39.5 శాతం, బీఎంఐ ప్రకారం లావు అనిపించుకున్నవాళ్లు 28.6 శాతం. అంటే తూకం యంత్రం పట్టుకోలేనిదాన్ని టేపు పట్టుకుంటోంది.

టేపు తీయండి

టైలర్ల దగ్గరుండే టేపు చాలు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య, చర్మం మీదే చుట్టండి. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలాక కొలవండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. ఇంకో సులువైన లెక్క ఏమిటంటే నడుము మీ ఎత్తులో సగానికి లోపే ఉండాలి. ఈ రెండు లెక్కల్లోనూ సరిపోతే మీకు ఆరోగ్యం కోసం తగ్గాల్సిన అవసరం లేదు. ఫొటోల కోసమే తగ్గాలనుకుంటే అది మీ ఇష్టం, కానీ తొందర మాత్రం పడకండి.

రెండు వారాలకోసారి కొలిచి గోడ క్యాలెండర్ మీదే రాయండి. తూకం వారానికి మూడు రోజులు, పొద్దున్నే, ఏమీ తినకముందు చూసి సగటు తీయండి. ఉప్పు ఎక్కువైన మర్నాడు, నెలసరి ముందు రోజుల్లో ఒంట్లో నీరు చేరి కిలో దాకా పెరగడం సహజం. తగ్గాల్సిందే మూడు కిలోలైనప్పుడు ఒక్కరోజు తూకాన్ని నమ్మితే మనసు పాడవడం తప్ప ఏమీ తెలియదు.

ఎంత లోటు పెట్టాలి?

కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. రోజుకి 250 కేలరీలు తగ్గిస్తే కిలో కరగడానికి నెల పడుతుంది, మూడు కిలోలకి మూడు నెలలు. చాలామందికి ఇది నిరాశ కలిగిస్తుంది. కానీ కొవ్వు తక్కువున్న శరీరంలో లోటు పెద్దదైతే కరిగేదాంట్లో కండ వాటా పెరుగుతుంది.

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా, సరైన బరువుతో ఉన్న 36 మంది యువకులకి ఆర్నెల్లపాటు రోజుకి దాదాపు 1,570 కేలరీలే పెట్టి చూశాడు. వారానికి 35 కిలోమీటర్లు నడిపించాడు. బరువులో నాలుగో వంతు పోయింది. దాంతో పాటు ఓపిక, నిద్ర, హుషారు కూడా పోయాయి. పొద్దస్తమానం తిండి ధ్యాసే. తిరిగి తిండి పెట్టాక కొవ్వు ముందుకంటే ఎక్కువ చేరింది. ఇప్పుడు ఫోన్లో ఒకరికొకరు పంపుకునే 1,200 కేలరీల చార్టులు అంతకంటే తక్కువ. వాటిని పక్కన పడేయండి.

వంటింట్లో మార్పు: అసలు పని ఇక్కడే

ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ తార్నాక. అక్కడే ఉంది జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. దేశం మొత్తానికి ఏం తినాలో చెప్పే సంస్థ మన ఇంటి పక్కనే ఉండగా ఊరూపేరూ లేని డైట్ చార్టులు మనకెందుకు? 2024లో ఆ సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం 2,000 కేలరీల రోజులో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, పల్లీలు బాదంలాంటి గింజలు 35, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు ఉండాలి. మన ఇళ్లలో చూస్తే ధాన్యం దాటిపోతుంది, కూరగాయ సగానికి కూడా రాదు.

దానికి కారణం మన వడ్డనలోనే ఉంది. అన్నం నాలుగు విడతలు పెట్టుకుంటాం: పప్పుతో, కూరతో, చారుతో, పెరుగుతో. ప్రతి విడతకీ అన్నం కొత్తగా వస్తుంది, కూర మాత్రం మొదట వేసుకున్న రెండు చెంచాలే. కప్పు అన్నం అంటే సుమారు 200 కేలరీలు. కాబట్టి ఇలా చేయండి. అన్నం మొత్తం మొదటే పెట్టుకుని దాన్నే విడతలుగా పంచుకోండి. మారు కావాలంటే కూరే వేసుకోండి. చారుని గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగులో కీరా ముక్కలో క్యారెట్ తురుమో కలుపుకోండి. సొరకాయ, బీరకాయ, తోటకూర, పాలకూర లాంటివి ఇద్దరికి వండే చోట నలుగురికి సరిపడా వండండి. పొట్ట నిండుతుంది, పళ్లెంలో అన్నం ఓ కప్పు తగ్గుతుంది. మీ 250లో 200 అక్కడే వచ్చేశాయి.

రాత్రి జొన్నరొట్టె తింటే బరువు తగ్గుతారని నమ్మి నాలుగు తినేవాళ్లున్నారు. బియ్యమైనా జొన్నైనా గోధుమైనా 100 గ్రాములకి 320 నుంచి 360 కేలరీల మధ్యే. జొన్నలో పీచు ఎక్కువ కాబట్టి రెండుకే కడుపు నిండుతుంది. ఆ రెండు దగ్గర ఆగితేనే లాభం.

నూనెకి ఒక లెక్క చెప్తాను, గుర్తు పెట్టుకోండి. మనిషికి రోజుకి 27 గ్రాములంటే నలుగురి ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు, నెయ్యితో కలిపే. మీ ఇంట్లో నెలకి ఐదు ప్యాకెట్లు ఖర్చవుతున్నాయంటే జవాబు దొరికినట్టే. వచ్చే నెల ఒక ప్యాకెట్ తక్కువ కొనండి. పోపులో నూనె గరిటెతో కాకుండా చెంచాతో కొలిచి వేయండి. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు.

చాయ్ సంగతి: రెండు చెంచాల చక్కెరతో రోజుకి నాలుగు చాయ్‌లు తాగితే 40 గ్రాముల చక్కెర, 160 కేలరీలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాములకి లోపు ఉంటే మంచిదంటోంది. వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి, నెలలో నాలుక అలవాటు పడుతుంది. హోటల్లో చాయ్‌తో వచ్చే ఉస్మానియా బిస్కెట్లని కూడా ఈ లెక్కలో వేసుకోవాలి.

బండి మీద టిఫిన్ తినక తప్పనివాళ్లు పూరీ, మైసూర్ బోండా మానేసి ఇడ్లీ తీసుకోండి. అడిగినంత వేసే పల్లీ చట్నీ దగ్గర జాగ్రత్త, పల్లీలు 100 గ్రాములకి 500 కేలరీలు దాటుతాయి. సాంబార్ ఎక్కువ పోయించుకోండి.

ఆదివారం ఎక్కువమంది దెబ్బతినేది బిర్యానీ దగ్గరే. ఆరు రోజులు 250 చొప్పున మిగిల్చింది 1,500. మధ్యాహ్నం బిర్యానీ, కూల్‌డ్రింక్, సాయంత్రం మిర్చి బజ్జీలు, రాత్రికి మిగిలిన బిర్యానీ కలిస్తే ఆ 1,500 ఒక్కరోజులో తిరిగొచ్చేస్తుంది. బిర్యానీ మానక్కర్లేదు. ఒక్క పూటే తినండి, ముందు ఉల్లి, కీరా, పెరుగు చట్నీతో మొదలుపెట్టండి, ముక్కలు ఎక్కువ, అన్నం తక్కువ వేయించుకోండి.

కండ కరగకుండా

ఐసీఎంఆర్ లెక్కలో కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. తిండి తగ్గిస్తున్నప్పుడు కిలోకి ఒక గ్రాము దాకా వెళ్లడం మంచిది, అంటే 60 కిలోలకి 60 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు, పెద్ద కప్పు పెరుగులో అంతే, 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 25, వంద గ్రాముల చేపలో 18 దాకా ఉంటుంది. పెసలు, శనగలు, ఉలవలు మరిచిపోకండి. పౌడర్ డబ్బాలు అవసరం లేదు, తార్నాక సంస్థ కూడా వద్దనే చెప్పింది.

తిన్న ప్రొటీన్ కండలోకి పోవాలంటే కండకి పని ఉండాలి. వారంలో రెండు మూడు రోజులు, ఇరవై నిమిషాలు చాలు. కుర్చీలో కూర్చుని చేతుల ఊతం లేకుండా లేవండి, పదిసార్లు. అది సులువయ్యాక కుర్చీ తీసేసి బస్కీలు తీయండి. గోడకి చేతులానించి దండాలు, తర్వాత మంచం అంచున, ఆ తర్వాత నేల మీద. బ్యాగులో ఐదు కిలోల బియ్యం ప్యాకెట్ పెట్టుకుని ఇంటి మెట్లెక్కండి. ఒక్కోటి మూడు విడతలు చేయండి. చివరి రెండుసార్లు కష్టమనిపించాలి. అలా అనిపించకపోతే బరువు పెంచండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీ దగ్గరే ఆగొచ్చు. ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే చేయగలనంటే ఇది చేయండి. తూకం కదలకపోయినా నడుము తగ్గొచ్చు.

నడక, నిద్ర

ముప్పావు గంట చురుకైన నడకకి 150 కేలరీలు ఖర్చవుతాయి, ఒక సమోసా దానికంటే ఎక్కువ. నడక గుండెకీ షుగర్‌కీ చాలా మంచిది, కానీ అదొక్కటే పొట్టని కరిగించలేదు. వరంగల్ హైవే పక్కన దుమ్ములో నడవకండి. కాలనీ లోపలి రోడ్లు, ఉప్పల్ భగాయత్‌లోని మినీ శిల్పారామం వైపు, సెలవు రోజుల్లో నారపల్లి దగ్గర భాగ్యనగర్ నందనవనం మేలు. మెట్రోలో వెళ్లేవాళ్లకి 2023 జూన్‌లో తెరిచిన ఉప్పల్ స్కైవాక్ ఉంది. అక్కడ లిఫ్టులు, ఎస్కలేటర్లు పెద్దవాళ్లకి వదిలి మీరు మెట్లెక్కండి.

నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లకి నిద్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2010లో షికాగో విశ్వవిద్యాలయంవాళ్లు పదిమంది లావుపాటివాళ్లకి ఒకే తిండి పెట్టి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకోవడానికి సమయమిచ్చారు. బరువు రెండుసార్లూ ఒకేలా తగ్గింది. కరిగిన కొవ్వు మాత్రం నిద్ర ఎక్కువున్నప్పుడు 1.4 కిలోలు, తక్కువున్నప్పుడు 0.6. మిగతాది ఎక్కువగా కండే. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు పగలు కిటికీలకి దళసరి పరదాలు వేసి, ఫోన్ మరో గదిలో పెట్టి పడుకోండి. నిద్ర కుదరని నెలలో తిండి లోటు పెట్టకండి, బస్కీలు మాత్రం కొనసాగించండి.

ఇవి వద్దు

పెళ్లిళ్ల కాలంలో అమ్ముడయ్యే పొడులు, విరేచనాల టీలు ఒంట్లో నీటిని పోగొడతాయి, కొవ్వుని కాదు. 2025లో మన దేశంలోకి వచ్చిన బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు ఊబకాయం ఉన్నవాళ్లకి, బరువు వల్ల జబ్బులున్నవాళ్లకి. మీ బీఎంఐ 22 అయితే అవి మీకోసం కావు. ఆడపిల్లలు పూటలు మానేయకండి. ఇప్పటికే మన తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లు రక్తహీనతతో ఉన్నారు.

ఎప్పుడు ఆపాలి?

నడుము పైన చెప్పిన టేపు లెక్కలు రెండింటికీ సరిపోగానే ఆపండి. తూకం ఎంతున్నా సరే. తగ్గించిన అన్నంలో సగం తిరిగి పెట్టుకోండి, రెండు వారాలు టేపు చూడండి, పెరగకపోతే మిగతాది కూడా పెట్టుకోండి. కూరలు, బస్కీలు అలాగే ఉంచండి. మధ్యలో జుట్టు రాలుతున్నా, నెలసరి తప్పినా, ఎప్పుడూ చలిగా, నీరసంగా ఉన్నా మూడు నెలలు నిండక్కర్లేదు, ఆ రోజే మామూలు తిండికి వచ్చేయండి. మూడు నెలలు సరిగ్గా చేశాక కూడా నడుము అరంగుళం కదలకపోతే తిండి ఇంకా తగ్గించకండి. పరగడుపున షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించి, ఆ కాగితాలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.