సస్పెన్షన్ వచ్చిందని రాజీనామా రాయకు

చిరంజీవి మేనల్లుడికి,

నీకు సస్పెన్షన్ ఆర్డరు వచ్చిందనీ, రాజోలులో ఎవరో పెద్దమనిషి "రిజైన్ చేసేస్తే గొడవ వదిలిపోతుంది" అన్నాడనీ అక్కయ్య ఫోన్లో చెప్పింది. ఆ పని మాత్రం చెయ్యకు. సస్పెన్షన్ శిక్ష కాదు, సర్కారు ఉద్యోగం ఇంకా నీదే. ముందు సగం జీతం లెక్కన జీవనభృతి వస్తుంది. వేరే ఎక్కడా పని చెయ్యడం లేదని సర్టిఫికెట్ ఇస్తూ ఉండాలి. బద్ధకించావా, బిల్లు ఆపేస్తారు.

నీకు ప్రొబేషన్ డిక్లేర్ అయింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. రాజ్యాంగం 311వ అధికరణ ప్రకారం నిన్ను నియమించిన అధికారి కంటే కిందివాడు నిన్ను తీసెయ్యలేడు. ఆరోపణలు రాసిచ్చి, విచారణ జరిపి, నీ మాట వినాలి. క్రిమినల్ కేసులో శిక్షపడటం లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. పోస్టే ఎత్తేస్తే మాత్రం ఈ రక్షణ పనికిరాదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల, మునసబుల పోస్టులు రద్దు చేస్తే వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1985లో అక్కడా ఓడిపోయారు. మన కోనసీమలో ఆ దెబ్బకి దిగాలుపడ్డ ఇళ్లు నాకు తెలుసు.

ఛార్జి మెమో వస్తే తీసుకోనని మొండికెయ్యకు. సంతకం పక్కన తేదీ వెయ్యి, కవరు పారెయ్యకు. ఒక్కో ఆరోపణకీ విడివిడిగా జవాబు రాయి. "పొరపాటైంది, క్షమించండి" అని పై అధికారి రాయించుకోబోతే రాయకు. అదే రేపు ఒప్పుకోలు అయి కూర్చుంటుంది. వాళ్లు ఆధారం చేసుకున్న కాగితాలన్నీ చూపించమని అడుగు. మామూలుగా వకీలుని రానివ్వరు గానీ, తోటి ఉద్యోగి ఒకరిని సాయం తెచ్చుకోవచ్చు. రూల్సు చదివినవాణ్ణి చూసుకో, స్నేహితుణ్ణి కాదు.

విచారణాధికారి రిపోర్టు కాపీ అడగడం మరిచిపోకు. హైదరాబాదు ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, శిక్ష నిర్ణయించకముందే ఆ కాపీ ఇచ్చి తీరాలంది. అయితే కాపీ ఇవ్వలేదు కదా, ఇక గెలిచేశాం అనుకోకు. దానివల్ల నీకు జరిగిన నష్టం చూపించాలని కూడా అదే తీర్పు చెప్పింది. చూపించగలిగినా, కేసు మళ్లీ ఆ దశ నుంచే మొదలవుతుంది.

తొలగింపు ఆర్డరే వస్తే ముందు గడువులోగా పై అధికారికి అప్పీలు. ఉద్యోగుల కేసులు చూసే మన రాష్ట్ర ట్రిబ్యునల్ రద్దయింది కదా, ఆ తరవాత నేరుగా అమరావతి హైకోర్టే.

ఆదివారం అమలాపురం రా. సస్పెన్షన్ ఆర్డరుతో పాటు సర్వీసు రిజిస్టరు జిరాక్సు కూడా పట్టుకురా.

ఇట్లు,
మీ మావయ్య