సైకిలు చక్రానికి గ్రీజు మనమే పెట్టుకుందాం



"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఎద్దుల బండి కిర్రు కిర్రుమంటే ఏం చేసేవాళ్ళో మీలో పెద్దవాళ్ళకు తెలుసు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి కందెన చేసేవాళ్ళు. చక్రం పక్కకు లాగి, ఇరుసుకు ఆ కందెన పట్టించేవాళ్ళు. బండి తేలికగా నడిచేది. ఎద్దులకు శ్రమ తగ్గేది.

సైకిలుకు కూడా ఇరుసు ఉంది. దానికీ కందెన కావాలి. ఆ కందెనే గ్రీజు. తేడా ఒక్కటే. బండిని ఎద్దులు లాగుతాయి. సైకిలును లాగేది మన కాళ్ళు. లోపల గ్రీజు ఎండిపోతే ఆ బరువంతా మన మోకాళ్ళ మీద పడుతుంది.

పాల క్యాను కట్టుకొని పొద్దున్నే కేంద్రానికి వెళ్ళే అక్క ఉంది. కూరగాయల గంప కట్టుకొని సంతకు పోయే అక్క ఉంది. బడి దూరమైతే ఆడపిల్ల సైకిలు మీదే వెళ్తుంది. చక్రం మొరాయించిన రోజు పాలు విరిగిపోతాయి. సంత దాటిపోతుంది. పిల్లకు బడి పోతుంది. షాపుకు తోసుకెళ్తే "రేపు రా అమ్మా" అంటారు. షాపువాళ్ళ తప్పు కాదు, వాళ్ళకూ పని ఉంటుంది. కానీ ఈ పని మన వాకిట్లో మనం చేసుకోగలిగినదే. మొదటిసారి ఒక పూట పడుతుంది. రెండోసారి గంట చాలు.

ఆడవాళ్ళకు ఇనుప పని ఎందుకు అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు పుదుక్కోట్టై సంగతి చెప్పండి. అది తమిళనాడులో ఒక జిల్లా. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ అనే ఆమె. చదువుతో పాటు ఆడవాళ్ళకు సైకిలు కూడా నేర్పించాలని ఆ ఉద్యమం పూనుకుంది. రాళ్ళ క్వారీల్లో పనిచేసే ఆడవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు వేల మంది నేర్చుకున్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరకకపోతే మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు కదా అని కొందరికి అవే నచ్చాయి కూడా! తొక్కడం నేర్చుకున్న చేతికి పానా పట్టడం ఎంత పని?

చక్రం లోపల ఏముంది?

బండి చక్రానికి నడుమ కుండ ఉంటుంది. సైకిలు చక్రానికి నడుమ చిన్న గొట్టం ఉంటుంది. పుల్లలన్నీ దానికే బిగించి ఉంటాయి. దాన్ని షాపువాళ్ళు హబ్బు అంటారు. హబ్బు లోపల నుంచి ఇరుసు పోతుంది. ఇరుసు తిరగదు. దాని చుట్టూ చక్రం తిరుగుతుంది. రెండు ఇనుప వస్తువులు రాసుకుంటే అరుగుతాయి. అందుకే రెండింటి మధ్య చిన్న చిన్న ఉక్కు గుండ్లు పెట్టారు. అవి గోళీల్లా దొర్లుతాయి.

హబ్బుకు రెండు చివరలా గిన్నెలాంటి గుంట ఉంటుంది. గుండ్లు అందులో కూర్చుంటాయి. అవి బయటికి రాకుండా ఇరుసు మీద కోను ఉంటుంది. కోను అంటే ఒక పక్క సన్నగా, ఒక పక్క లావుగా ఉండే ఇనుప ముక్క. లోపల మరలు ఉంటాయి. తిప్పితే ముందుకు, వెనక్కు జరుగుతుంది.

మామూలు పెద్ద సైకిలుకు ముందు చక్రంలో ఒక్కో పక్క 10 గుండ్లు, మొత్తం 20 ఉంటాయి. వెనక చక్రంలో ఒక్కో పక్క 9, మొత్తం 18. వెనకవి కొంచెం లావు. ముందు గుండు అంగుళంలో పదహారు భాగాల్లో మూడు భాగాలు ఉంటుంది. వెనక గుండు పావు అంగుళం. బరువు ఎక్కువగా వెనకే పడుతుంది కాబట్టి. కొన్ని సైకిళ్ళకు ఈ లెక్క వేరుగా ఉండొచ్చు. అందుకే పుస్తకంలో లెక్క కంటే మీ పళ్ళెంలో లెక్కే ముఖ్యం.

విప్పే ముందు చూడండి

సైకిలుకు స్టాండు వేసి చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పండి. చెవి పెట్టి వినండి. కరకరమంటే గ్రీజు ఎండింది, లేదా మట్టి చేరింది. తరవాత రిమ్మును పట్టుకొని అటూ ఇటూ కదపండి. లొటలొటమంటే కోను వదులైంది. రెండూ లేకపోతే విప్పకండి. బాగున్నదాన్ని ఊరికే విప్పకూడదు.

కావలసినవి ఎక్కువ లేవు. సైకిలు పానా, సన్నటి కోను పానా. ఒక అంచున్న పళ్ళెం. పాత గుడ్డలు. పాత పళ్ళ బ్రష్షు. కొంచెం డీజిలు. షాపులో దొరికే గ్రీజు చిన్న డబ్బా. వంట నూనె, కొబ్బరి నూనె పెట్టకండి. అవి జిగటెక్కి మట్టిని పట్టుకుంటాయి. ఆముదం కందెన బండికి బాగుంటుంది గానీ గుండ్లకు పనికిరాదు. మసిలో గరుకు ఉంటుంది. డీజిలును పొయ్యి దగ్గర పెట్టకండి. పిల్లలకు అందనివ్వకండి. పెట్రోలు అసలే వద్దు.

ముందు చక్రంతో మొదలు

మొదటిసారి ముందు చక్రమే విప్పండి. దానికి చైను గొడవ ఉండదు.

నేల మీద గోనెసంచి పరవండి. సైకిలును తలకిందులుగా, సీటు మీద, హ్యాండిలు మీద నిలబెట్టండి. ఇరుసుకు రెండు పక్కలా నట్లు ఉంటాయి. నట్టు ఉన్న పక్కకే వచ్చి నిలబడి చూడండి. ఎడమకు తిప్పితే వదులవుతుంది. కుడికి తిప్పితే బిగుస్తుంది. (సైకిలులో దీనికి ఎదురు తిరిగేది కూడా ఉంది, ఎడమ పెడలు. దాన్ని కుడికి తిప్పితేనే ఊడుతుంది. తెలియక బలవంతం చేసి మరలు పాడు చేసుకుంటారు.)

నట్టు, వాషరు, మడ్గార్డు కడ్డీ ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే గుడ్డ మీద పేర్చండి. ముగ్గులో చుక్కలు పెట్టినట్టు పేరిస్తే తిరిగి పెట్టేటప్పుడు తికమక ఉండదు.

చక్రం బయటికి తీశారా? ఇప్పుడు ఒక పక్క కోనునే విప్పండి. రెండో పక్క కోనును కదపకండి. అది కదలకపోతే ఇరుసు మళ్ళీ సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. కోను మీద సన్నటి నట్టు ఉంటే ముందు దాన్ని తీయాలి. చక్రాన్ని పళ్ళెం మీద పెట్టుకోండి. ఇరుసును మెల్లగా లాగండి. గుండ్లు రాలతాయి.

ఇక్కడే అందరూ కంగారు పడతారు. వదినా మరదళ్ళు కలిసి ఈ పని చేస్తుంటే మాటలు ఇలా ఉంటాయి:

"అయ్యో వదినా, జారిపోతున్నాయి!"

"పోనీవమ్మా, పళ్ళెంలోకే కదా. లెక్కపెట్టు."

"ఈ పక్కవి పది. ఆ పక్కవి తొమ్మిదే ఉన్నాయి."

"గ్రీజులో అంటుకొని ఉంటుంది చూడు. పుల్లతో గీకు."

"ఆ, దొరికింది! పది."

"రాసుకో మరి. రేపు మర్చిపోతాం."

గుండ్లు, కోను, గిన్నె అన్నీ డీజిలుతో కడగండి. మూలల్లో బ్రష్షుతో రుద్దండి. పొడి గుడ్డతో తుడవండి. తడి ఉంటే కొత్త గ్రీజు నిలవదు. ఇప్పుడు వెలుగులో చూడండి. గుండు అద్దంలా మెరవాలి. మసకబారినా, గుంట పడినా, పెచ్చు లేచినా ఆ చక్రంలో ఉన్న గుండ్లన్నీ మార్చాలి. చెడిన ఒక్కటి మార్చి ఊరుకుంటే కుదరదు. కొత్త గుండు, అరిగిన వాటికంటే వెంట్రుకవాసి లావుగా ఉంటుంది. బరువంతా అదే మోస్తుంది. త్వరగా పగులుతుంది. కోను మీద గుండ్లు దొర్లే చోట గుంటలు పడితే కోను కూడా మార్చాలి. పాతది చేతిలో పట్టుకొని షాపుకు వెళ్ళండి. "ఇలాంటిదే ఇవ్వండి" అంటే సరిపోతుంది.

గ్రీజు పెట్టడం తేలిక. గిన్నె చుట్టూ వేలితో మందంగా రాయండి. అందులో గుండ్లను ఒక్కొక్కటిగా అదమండి. గ్రీజు వాటిని పట్టుకొని ఉంటుంది. అన్నీ పెట్టాక కొంచెం సందు మిగులుతుంది. సందు ఉంది కదా అని ఇంకో గుండు ఇరికించకండి. దొర్లడానికే ఆ సందు. పైన మళ్ళీ కాస్త గ్రీజు రాసి ఇరుసు దూర్చండి.

కోను బిగించడంలోనే అసలు పని ఉంది. వేళ్ళతో తిప్పుతూ గుండ్లకు తగిలేదాకా తీసుకురండి. తరవాత కొద్దిగా వెనక్కు తిప్పండి. సన్న నట్టు ఉంటే, కోనును కదలకుండా పట్టుకొని దాన్ని బిగించండి. మరీ బిగిస్తే గుండ్లు నలిగిపోతాయి. వదిలేస్తే చక్రం ఊగుతుంది, బ్రేకు సరిగ్గా పట్టదు. సరిపోయిందో లేదో చక్రమే చెబుతుంది. చక్రాన్ని సైకిలుకు బిగించి, గాలి కొట్టే వాలు పక్కకు వచ్చేలా తిప్పి వదలండి. వాలు దగ్గర కొంచెం బరువు ఉంటుంది. చక్రం దానంతట అదే తిరిగి, ఉయ్యాలలా ఊగి, వాలు కిందికి వచ్చి ఆగితే మీ పని బాగా కుదిరినట్టే. మధ్యలో పట్టేస్తే కోనును ఇంకొంచెం వదులు చెయ్యండి.

తొక్కే ముందు రెండు పక్కల నట్లు మళ్ళీ బిగించండి. బ్రేకు పట్టి చూడండి. రిమ్ముకు గ్రీజు అంటితే గుడ్డతో శుభ్రంగా తుడవాలి. రిమ్ము జిడ్డుగా ఉంటే బ్రేకు జారుతుంది. దిగుడులో ప్రాణం మీదికి వస్తుంది.

వెనక చక్రం

పని అదే. చైను ఒక్కటే ఎక్కువ. నట్లు వదులు చేసి చక్రాన్ని ముందుకు నెడితే చైను వదులవుతుంది. చైను పక్కకు తప్పించి చక్రం లాగాలి. స్టాండు, క్యారేజీ కడ్డీలు కూడా ఇరుసుకే ఉంటాయి. వరస మరీ జాగ్రత్త. ఎడమ పక్క కోను విప్పి, ఇరుసును కుడి పక్కకు లాగండి.

కుడి పక్క పళ్ళ చక్రాన్ని ఫ్రీవీలు అంటారు. దాన్ని విప్పకండి. అందులో చాలా చిన్న గుండ్లు, స్ప్రింగులు ఉంటాయి. అది షాపు పని. దానికి గ్రీజు కూడా పెట్టకూడదు. గ్రీజు జిగటకు లోపలి కొక్కేలు అంటుకుంటే పెడలు వట్టిగా తిరుగుతుంది. పలచటి మిషను నూనె నాలుగు చుక్కలు చాలు.

తిరిగి బిగించేటప్పుడు చక్రం రెండు కడ్డీల మధ్య సమంగా ఉండాలి. చైను మధ్యలో వేలు పెట్టి నొక్కితే అర అంగుళం కదలాలి. బిగువైతే తొక్కలేం. వదులైతే ఊడిపోతుంది. చైను డబ్బా తీసి ఉంటే మళ్ళీ తప్పకుండా బిగించండి. చీర కుచ్చెళ్ళు, చున్నీ చైనులో పడితే ఎలా పడేస్తుందో చూసినవాళ్ళకు తెలుసు.

షాపుల్లో ఈ పనిని "ఓవరాయిలింగు" అంటారు. ఏడాదికి రెండుసార్లు చాలు, వానలకు ముందు ఒకసారి, వానలు వెళ్ళాక ఒకసారి. కాలవలో, వరద నీళ్ళలో హబ్బు మునిగేదాకా నడిపితే మాత్రం వారం లోపల విప్పి చూడాలి. లోపలికి పోయిన నీళ్ళు గ్రీజును చెడగొడతాయి. గుండ్లు తుప్పు పడతాయి.

ఇంట్లో మోటారు సైకిలు ఉంటే

మోటారు సైకిలు వెనక చక్రాన్ని పట్టుకొని ఒక ఇనుప చేయి ఉంటుంది. గోతిలో పడినప్పుడు అది తలుపులా ఒక బోల్టు మీద పైకీ కిందికీ ఆడుతుంది. కొన్ని బండ్లకు ఆ బోల్టు దగ్గర రబ్బరు బుష్షు ఉంటుంది. దానికి గ్రీజు అక్కర్లేదు, పెడితే రబ్బరు చెడుతుంది. కొన్నింటికి ఇనుప బుష్షుగానీ బేరింగుగానీ ఉంటుంది. దానికి గ్రీజు ఉండాల్సిందే. సీటు కింద మధ్యలో ఒకటే స్ప్రింగు ఉన్న బండ్లలో కొన్నింటికి ఇంకా చిన్న చిన్న లింకులు ఉంటాయి. ప్రతి కీలు దగ్గరా మట్టి, నీళ్ళు చేరతాయి. గ్రీజు ఎండితే బోల్టు తుప్పుపట్టి ఇరుక్కుపోతుంది. వెనక కూర్చున్నవాళ్ళకు నడుము విరిగినట్టు ఉంటుంది. పైపుతో జోరుగా నీళ్ళు కొట్టి కడిగితే ఇది ఇంకా త్వరగా వస్తుంది.

పెద్ద స్టాండు వేసి వెనక చక్రాన్ని పక్కలకు కదపండి. టక్ టక్ మంటే మెకానిక్కుకు చూపించాలి. ఇది విప్పాలంటే బండిని పడకుండా ఎత్తి నిలపాలి. బోల్టులు కొలత ప్రకారం బిగించాలి. మన సైకిలు పానాతో చేసే పని కాదు. కానీ పక్కన నిలబడి అడగొచ్చు: "దీనికి రబ్బరు బుష్షా, గ్రీజు పెట్టే బుష్షా? విప్పి పెట్టారా, పైపైన రాశారా?"

రాయండి

మీ నోటుబుక్కులో సైకిలుకు ఒక పేజీ పెట్టండి. ఇలా రాయండి:

తేది: ............
ఏ చక్రం: ముందు / వెనక
ఎడమ పక్క గుండ్లు: ......
కుడి పక్క గుండ్లు: ......
మార్చినవి: ............
అయిన ఖర్చు: ............

షాపులో ఇదే పనికి ఎంత అడుగుతారో తెలుసుకోండి. రెండు అంకెలు పక్కపక్కన రాసి తీసివేత చేయండి.