లైనక్స్‌కి ముందు అమ్మ లెక్కలు

మా ఇంట్లో కంప్యూటర్ నాది కాదు, అమ్మది. నాన్న కిరాణా షాపు చూసుకుంటారు. రాత్రి ఆయన తెచ్చిన చిట్టా పుస్తకం ముందు పెట్టుకుని అమ్మ ఆ రోజు అప్పులు, జమలు ఎక్సెల్‌లో ఎక్కిస్తుంది. 2018 నుంచి ఇదే పద్ధతి. ఎవరు ఎంత బాకీ, ఎప్పుడు ఎంత కట్టారు, అన్నీ అందులోనే. పాత చిట్టా కాగితాలు షాపులో పొట్లాలు కట్టడానికి పోతాయి. అంటే ఆ ఫైళ్లు పోతే మాకు రావాల్సిన డబ్బు కూడా పోయినట్టే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ సదుపాయం, కొంచెం కొత్త ప్రాసెసర్ కావాలి. మాది పాత డెస్క్‌టాప్. బాగా పనిచేస్తున్న దాన్ని పడేయబుద్ధి కాలేదు. "సంక్రాంతి సెలవుల్లో లైనక్స్ మింట్ వేసేస్తా, అరగంట పని" అని ఇంట్లో చెప్పేశా. సీఎస్ఈ సెకండియర్ కదా, ఆ మాత్రం ధైర్యం ఉంటుంది.

లైనక్స్ ఎక్కించడం నిజంగానే అరగంట పని. దానికి ముందు చేయాల్సిన పనికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది. ఈ వ్యాసం ఆ రెండు రోజుల గురించే.

నేను చేసిన తప్పు

డెస్క్‌టాప్ మీద "షాపు లెక్కలు" అని ఒక ఐకాన్ ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశా. పెన్‌డ్రైవ్‌లోంచి తెరిచి చూశా కూడా. అన్ని ఫైళ్లూ కనిపించాయి. బ్యాకప్ అయిపోయింది, ఇక డిస్క్ ఫార్మాట్ చేసేద్దాం అనుకున్నా.

అమ్మ పక్కనే కూర్చుంది. "ఏరా, అది నీ లాప్‌టాప్‌లో పెట్టి ఒకసారి చూపించు. కిందటి దసరాకి మనకి మొత్తం ఎంత రావాలో చదువు" అంది. పెట్టాను. తెరుచుకోలేదు. సైజు చూస్తే 2 కేబీ! ఎనిమిదేళ్ల లెక్కలు 2 కేబీలో ఎలా పడతాయి?

నేను కాపీ చేసింది ఫోల్డర్‌ని కాదు, షార్ట్‌కట్‌ని. షార్ట్‌కట్ అంటే "అసలు వస్తువు ఫలానా చోట ఉంది" అని రాసిన చీటీ లాంటిది. అదే కంప్యూటర్‌లో తెరిస్తే అది డీ డ్రైవ్‌లో ఉన్న అసలు ఫోల్డర్‌ని చూపించింది. నేనేమో పెన్‌డ్రైవ్‌లో ఉందనుకున్నా. అమ్మ అడక్కపోతే నేను డిస్క్ మొత్తం చెరిపేసి, చేతిలో చీటీ పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఐకాన్ మూలన చిన్న బాణం గుర్తు ఉంటే అది షార్ట్‌కట్ అని గుర్తుపెట్టుకోండి.

నేర్చుకున్నది ఒక్కటే: వేరే మెషీన్‌లో తెరిచి చదివేదాకా అది బ్యాకప్ కాదు.

తర్వాత చేసిన పద్ధతి

1. ముందు కాగితం మీద జాబితా రాశాం. బాకీల ఎక్సెల్ ఫైళ్లు, జీఎస్టీ రిటర్న్‌ల పీడీఎఫ్‌లు, కొనుగోలు బిల్లుల స్కాన్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితాలు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో కూడా వెతికాం, సగం పీడీఎఫ్‌లు అక్కడే దొరికాయి. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు కూడా ఆస్తే, వాటిని నోట్ చేసుకున్నాం. డిస్క్‌కి బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ కూడా రాసిపెట్టుకోవాలి. జీఎస్టీ చట్టం ప్రకారం ఒక ఏడాది లెక్కల్ని, ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు దాచాలి. కాబట్టి "పాతవే కదా" అని వదిలేయకూడదు.

2. మూడు కాపీలు ఉండేలా చూసుకున్నాం. ఒకటి పాత డిస్క్‌లో, ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, ఒకటి ఇంటి బయట. మూడోది మా పెద్దమ్మ ఇంట్లో ఉంది. లైనక్స్ ఇన్‌స్టాలర్ తయారుచేసే పెన్‌డ్రైవ్ వేరేది వాడాలి, ఎందుకంటే అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది.

3. కాపీని నా లాప్‌టాప్‌లో తెరిచాం. ఫైళ్లు కనిపిస్తే చాలదు, అంకెలు సరిపోవాలి. అమ్మ ప్రతి సంవత్సరం మార్చి 31 నాటి మొత్తం బాకీ చదివింది, నేను లాప్‌టాప్‌లో చూసి సరే అన్నా. అన్నీ కలిశాయి.

4. లైనక్స్‌ని ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్‌లోంచి నడిపి చూశాం. దీన్నే లైవ్ సెషన్ అంటారు. మనం ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు డిస్క్‌లో ఉన్న విండోస్ అలాగే ఉంటుంది. వైఫై, ప్రింటర్ పనిచేస్తున్నాయా అని చూశాం. ఎక్సెల్ ఫైళ్లు లిబర్‌ఆఫీస్ క్యాల్క్‌లో తెరుచుకున్నాయి. మ్యాక్రోలు ఉన్న ఫైళ్లయితే జాగ్రత్త, అన్నీ పనిచేయకపోవచ్చు. యూనికోడ్ తెలుగు బాగానే కనిపించింది. కానీ అను ఫాంట్లలో కొట్టిన రెండు పాత లెటర్లు ఇంగ్లిష్ అక్షరాల గజిబిజిలా వచ్చాయి. వాటిని విండోస్‌లో ఉండగానే పీడీఎఫ్ చేసేశాం.

5. పాత డిస్క్‌ని చెరపలేదు. అదే అన్నిటికన్నా ముఖ్యం. కొత్త ఎస్ఎస్‌డీ కొని, పాత డిస్క్ కేబుల్ తీసేసి, కొత్తదాని మీదే మింట్ వేశా. "డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చేయి" అన్న ఆప్షన్ నొక్కేటప్పుడు చెయ్యి వణకలేదంటే కారణం అదే. చెరపడానికి అమ్మ లెక్కలు అసలు ఆ మెషీన్‌లో లేవు.

మీ ఇంట్లో టాలీ ఉంటే

టాలీకి లైనక్స్ వెర్షన్ లేదు. వర్చువల్‌బాక్స్‌లో విండోస్ పెట్టి నడపొచ్చు, లేదా రెండు సిస్టమ్‌లూ ఉంచుకోవచ్చు. ఏది చేసినా ముందు టాలీలోనే బ్యాకప్ తీసి, వేరే మెషీన్‌లో రిస్టోర్ చేసి చూడండి. టాలీ డేటా ఫోల్డర్ టాలీ లేకుండా చదవలేం. అందుకే లెడ్జర్లు, డేబుక్, ట్రయల్ బ్యాలెన్స్‌ని ఎక్సెల్, పీడీఎఫ్‌లుగా కూడా ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచండి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు 11వ తేదీ, 20వ తేదీ గడువుల ముందు ఈ పని పెట్టుకోవద్దు. ఆడిటర్‌కి పంపే ఫైళ్లని లిబర్‌ఆఫీస్‌లో కూడా ఎక్సెల్ ఫార్మాట్‌లోనే సేవ్ చేయండి.

ఇప్పుడు అమ్మ మింట్‌లోనే లెక్కలు ఎక్కిస్తోంది. మొదటి వారం "సేవ్ ఎక్కడ్రా" అని మూడుసార్లు పిలిచింది, తర్వాత పిలవలేదు. పాత డిస్క్ బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన ఉంది. నెలకోసారి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేస్తున్నా. చేసిన ప్రతిసారీ అమ్మ ఏదో ఒక పేరు చెప్పి "వాళ్ల బాకీ ఎంత?" అని అడుగుతుంది. నా లాప్‌టాప్‌లో తెరిచి చెప్పాకే లేస్తుంది.

మా డేటాబేస్ ల్యాబ్‌లో బ్యాకప్ గురించి రెండు మార్కుల ప్రశ్న ఉంది. దానికి నేను రాసిన జవాబు కంటే అమ్మ అడిగే ఆ ప్రశ్నే కరెక్ట్ అనిపిస్తుంది. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీరూ మీ ఇంటి కాపీలోంచి ఒక్క ఫైల్ వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. లైనక్స్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.