డబుల్స్ వదిలి రాకు

చి. నిహారికకు,
తాత ఆశీర్వదించి రాయునది.

విశాఖ నుంచి గోదావరి ఎక్కి తెల్లారేసరికి నాంపల్లిలో దిగావనీ, వచ్చినదానివి వచ్చినట్టే తలుపేసుకుని పడుకున్నావనీ మీ అమ్మ చెప్పింది. సింగిల్స్ మొదటి రౌండులోనే పోయిందట. పోనీ. పదమూడేళ్లకు ఓడకపోతే ఇంకెప్పుడు ఓడతావు? నా బాధ మర్నాటి డబుల్స్ గురించి. ‘ఇంక ఉండి ఏం లాభం’ అని పేరు వెనక్కి తీసుకుని బండెక్కేశావట. అది నాకు నచ్చలేదు. ఎదురుగా చెబితే నువ్వు ఏడుస్తావు, నేను మెత్తబడిపోతాను. అందుకే ఈ కాగితం.

నీ గది గోడ మీద కప్పు పట్టుకున్న సానియా మీర్జా బొమ్మ ఉంది. నీకు ఆమె అంటే 2005 ఫిబ్రవరి 12. ఆ రోజు నేను ఎల్బీ స్టేడియంలోనే ఉన్నాను. నుమాయిష్ ముగింపు రోజులు, నాంపల్లి నిండా జనం, అబిడ్స్ నుంచి నడిచే వెళ్లాను. హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో అలోనా బొండారెంకోను మూడు సెట్లలో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలైంది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. ఈ కథ నువ్వే నాకు వందసార్లు చెప్పావు.

అంతకు ముందు ఏడాది సంగతి మాత్రం నువ్వెప్పుడూ చెప్పలేదు. 2004లో అదే హైదరాబాద్ ఓపెన్‌లో వైల్డ్ కార్డుతో దిగి, సింగిల్స్ మొదటి రౌండులోనే నికోల్ ప్రాట్ చేతిలో ఓడిపోయింది. సొంత ఊరు, చూసేవాళ్లంతా తెలిసినవాళ్లే. ఇంటికి పోవాలనుకుంటే నీలా రాత్రంతా రైల్లో కూర్చోవలసిన పని కూడా లేదు. పోలేదు. లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ ఆడి, ఆ టైటిల్ గెలిచింది. ఆమె తొలి డబ్ల్యూటీఏ టైటిల్ అదే బిడ్డా, నీ బొమ్మలోని కప్పు కాదు.

వెనక్కి వెళ్లినా ఇదే కనిపిస్తుంది. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో లియాండర్ పేస్‌తో మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం, అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. 2003లో అలీసా క్లెయ్‌బనోవాతో వింబుల్డన్ బాలికల డబుల్స్. తర్వాత గెలిచిన ఆరు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు మహిళల డబుల్స్, మూడు మిక్స్‌డ్. సింగిల్స్‌లో ఒక్కటీ లేదు. 2007లో ప్రపంచంలో 27వ స్థానం దాకా వెళ్లింది, అది చిన్న విషయం కాదు. కానీ 2008లో మణికట్టుకు ఆపరేషన్ అయింది. గాయాలు వదలక 2013లో సింగిల్స్ మానేసింది. డబుల్స్ ఆట చిన్నప్పటి నుంచీ చేతిలో ఉండబట్టి, 2015 ఏప్రిల్‌లో డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయింది. అయిన వారంలోనే ఫెడ్ కప్ ఆడటానికి మన ఊరొచ్చింది.

ఆమె మొదలుపెట్టిన చోటు మనకు ఎంతో దూరం కాదు, అసెంబ్లీ దగ్గరి నిజాం క్లబ్. ఆరేళ్ల పిల్లను తల్లి తీసుకెళ్తే, మరీ చిన్నది, నేర్పనన్నాడట కోచ్. నెల తిరిగేసరికి ఆయనే తల్లిదండ్రులను పిలిచి, వచ్చి చూడండి అన్నాడట. పేడతో అలికిన కోర్టుల మీద ఆడి పెరిగానని ఆమే చెప్పుకుంది. నీకు సింథటిక్ కోర్టు కాస్త గరుకు తేలినా కోపమొస్తుంది. (ఇది దెప్పడమే, ఒప్పుకుంటున్నాను.)

ఇక నీ ఆట. నీ ఫోర్‌హ్యాండ్ బాగుంటుంది. రెండో సర్వీసు మాత్రం బతిమాలుతున్నట్టు వెళ్తుంది, నెట్ దగ్గరికి పోవడమంటే నీకు భయం. ఈ రెండూ సింగిల్స్‌లో దాచుకోవచ్చు. డబుల్స్‌లో నెట్ దగ్గర ఒకమ్మాయి కాచుకుని ఉంటుంది, మెత్తని సర్వీసుకు రిటర్న్ వచ్చిందంటే అది నీ జోడీ మీదికే. రిటర్న్ కిందుగా, క్రాస్‌గా కొట్టకపోతే పాయింటు పోయినట్టే. సానియాకు కూడా సర్వీసు గొప్ప ఆయుధమేమీ కాదు. డబుల్స్‌లో ఆమె జోడీ మార్టినా హింగిస్ నెట్ దగ్గర చూసుకుంటే, ఈమె వెనక నుంచి ఫోర్‌హ్యాండ్ బాదేది. 2015 వింబుల్డన్ ఫైనల్లో మూడో సెట్‌లో 2-5తో వెనకబడి కూడా 7-5తో గెలిచారు. ఆ మ్యాచ్ పెట్టుకుని చూడు. కొట్టిన షాట్లు కాదు, పాయింటుకూ పాయింటుకూ మధ్య ఇద్దరూ ఏం చేస్తున్నారో చూడు.

లెక్క కూడా చెబుతాను, మీ నాయన లెక్కల మనిషి. ఐటీఎఫ్ జూనియర్ ర్యాంకింగ్‌లో నీ ఆరు మంచి సింగిల్స్ ఫలితాలకు, ఆరు మంచి డబుల్స్ ఫలితాల పాయింట్లలో నాలుగో వంతు కలుపుతారు. ఊరు దాటి వెళ్లాక రైలు ఖర్చు, గది అద్దె ఎలాగూ అయిపోయాయి. ఒక్క మ్యాచ్ ఆడి రావడం కంటే రెండు మూడు ఆడి రావడమే మీ నాయనకూ గిట్టుబాటు. సింగిల్స్ తగ్గించమని నేననడం లేదు. పెద్ద టోర్నీల్లో డబ్బు ఎక్కువగా అటే ఉంటుంది, పేరూ అటే. రెండూ ఆడమంటున్నాను, ఒకటి పోయిన కోపం రెండోదాని మీద చూపించొద్దంటున్నాను.

అసలు నాకు కష్టమనిపించిందేమిటో చెప్పనా? నీ జోడీ అమ్మాయి. నువ్వు పేరు తీసేస్తే ఆమె పేరూ పోయినట్టే కదా. ఆమె తండ్రి కూడా సెలవు పెట్టుకుని, గది తీసుకుని వచ్చాడు. ఆమె సింగిల్స్‌లో గెలిచిందో ఓడిందో కూడా నువ్వు కనుక్కోలేదని మీ అమ్మ అంది.

వచ్చే టోర్నీకి ఎంట్రీలు ఇంకా తెరిచే ఉన్నాయట. ముందు ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యి. తప్పయిందని చెప్పి, మళ్లీ నాతో ఆడతావా అని అడుగు. ఆడనంటే అది ఆమె ఇష్టం, ఇంకొకరిని వెతుక్కుందాం. ఫోన్ మాత్రం నువ్వే చెయ్యాలి, మీ అమ్మతో చేయించకు.

ఇట్లు,
మీ తాత,
నాంపల్లి.