ఇంకొక్క రోజు ఎవరి కోసం?

మా పండుకి పద్నాలుగో ఏడు నడుస్తోంది. ఒక ఉదయం హాల్లో టైల్స్ మీద లేవబోయి జారాడు. మళ్లీ లేవబోయి మళ్లీ జారాడు. చివరికి చతికిలబడి నా వైపు చూశాడు. రెండు నెలల పిల్లగా వానలో మా గేటు కింద నుంచి దూరి వచ్చిన వీధికుక్క వాడు. ఆ ఉదయం నేను వాణ్ని ఎత్తి వరండాలో పడుకోబెట్టి, ‘పాపం, వయసైపోయింది’ అనుకుని ఆఫీసుకి వెళ్లిపోయాను. అలా అనుకుంటూనే మూడు నెలలు గడిపేశాను. ఆ మూడు నెలలూ వాడు నొప్పితోనే ఉన్నాడని తర్వాత డాక్టరు గారు కీళ్లు పట్టి చూసి చెప్పారు.

అందుకే మీ ఇంట్లో ముసలి కుక్కో పిల్లో ఉంటే ముందు ఆ మాట మానేయండి. లేవలేకపోవడానికి కీళ్లవాతం కారణం కావచ్చు, దానికి మందులున్నాయి. పిల్లి అదేపనిగా నీళ్లు తాగుతూ చిక్కిపోతోందా? కిడ్నీ పరీక్ష చేయించండి, ముసలి పిల్లుల్లో ఆ జబ్బు చాలా మామూలు. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు డొక్కలు నిమిషానికి ఎన్నిసార్లు లేస్తున్నాయో లెక్కపెట్టండి. 30 లోపు ఉండాలి. రోజూ అంతకు మించుతుంటే ఆలస్యం చేయకుండా గుండె పరీక్ష చేయించాలి. ఏడెనిమిదేళ్లు దాటాక ఆరు నెలలకోసారి డాక్టరుకి చూపించే అలవాటుంటే వీటిలో చాలావరకు ముందే బయటపడతాయి.

నొప్పి ఉంటే మూలుగుతుంది కదా అంటారు చాలామంది. మూలగదు. బలహీనత బయటపెట్టకపోవడం జంతువు స్వభావం. రాత్రుళ్లు పడుకోలేక అటూ ఇటూ తిరుగుతుంది. ఎండ లేకపోయినా రొప్పుతుంది. ఒకే కీలుని పదేపదే నాకుతుంది. ఎన్నడూ లేనిది, ముట్టుకోబోతే గుర్రుమంటుంది. పిల్లయితే ఒళ్లు నాక్కోవడం మానేసి మంచం కింద మూలకు చేరుతుంది. ఇవన్నీ మూలుగులే.

అలాగని మీ మందుల డబ్బా తెరవకండి, దయచేసి. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఐబూప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. వాటికి వేరే నొప్పి మందులున్నాయి. డాక్టరు రాసిచ్చినవే వాడాలి.

ఇంట్లో చేయాల్సినవాటికి డబ్బు కంటే ఓపిక ఎక్కువ కావాలి. పండు పడుకునే చోటు నుంచి వంటింటి గడప దాకా గోనెపట్టాలు పరిచాం, జారడం ఆగిపోయింది. మెడ వంచే పని లేకుండా నీళ్ల గిన్నెను చిన్న పీట మీద పెట్టాం. వాడు పూర్తిగా మంచాన పడ్డాక అమ్మ పాత నేత చీరలతో మందంగా బొంత కుట్టింది. మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చేవాళ్లం, లేకపోతే తుంటి దగ్గర ఒరిసి పుండు పడుతుంది. మన వాతావరణంలో ఇది చిన్న విషయం కాదు. తడి బొంత, చిన్న పుండు, దాని మీద ఈగ వాలిందంటే ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి. రోజుకి రెండుసార్లు గోరువెచ్చని నీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి. ఈ పని చేసిన ఇంట్లో ప్రేమ గురించి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

అసలు కష్టం తర్వాత మొదలవుతుంది: ఇంకెన్నాళ్లు ఇలా?

ఒకసారి డాక్టరు గారు, “ఈ నెలలో వీడికి మంచి రోజులు ఎన్ని సార్?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నిన్న ఏం జరిగిందో గుర్తుంది, పది రోజుల క్రితం సంగతి గుర్తులేదు. కళ్లముందు రోజూ ఉన్నదాన్ని కొలవడం ఎవరికీ చేతకాదు. అందుకని గోడమీది వెంకట్రామా క్యాలెండర్‌కి రెండు పెన్నులు వేలాడదీశాను. పండుకి ఇష్టమైనవి మూడు రాసుకున్నాం. అమ్మ చపాతీలు చేస్తుంటే వంటింటి గడప మీద గడ్డం ఆనించి పడుకోవడం, నా స్కూటర్ చప్పుడుకి గేటు దగ్గరికి రావడం, పొద్దున్నే టీకొట్టు దాకా నడిచి అక్కడ బిస్కెట్ తినడం. వీటిలో రెండు జరిగిన రోజు నీలం చుక్క, జరగని రోజు ఎర్ర చుక్క.

ఇంకాస్త పద్ధతిగా చేయాలనుకునేవాళ్లకి ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికన్ పశువైద్యురాలు 2004లో ఒక కొలమానం తయారుచేశారు. నొప్పి, తిండి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది... ఇలా ఏడు అంశాలు, ఒక్కోదానికి 10 మార్కులు. మొత్తం 70లో 35 దాటితే సేవ కొనసాగించవచ్చు. మార్కుల కంటే ఆ ఏడు ప్రశ్నలు వారానికోసారి కూర్చుని వేసుకోవడమే ముఖ్యమని నా అభిప్రాయం.

ఆ నెల మా క్యాలెండర్లో వరసగా తొమ్మిది ఎర్ర చుక్కలు పడ్డాయి. పదో రోజు నేను నీలం చుక్క పెట్టాను. రాత్రి అమ్మ క్యాలెండర్ ముందు ఆగింది.

“ఒరేయ్, ఇవాళ వాడు తిన్నాడా?”

“లేదమ్మా. నేను రాగానే తోక ఊపాడు.”

“తోక ఊపింది నీకోసంరా. మరి వాడి కోసం ఈ రోజు ఏం జరిగింది?”

ఆ నీలం చుక్క అబద్ధం. పండు బాగున్నందుకు పెట్టింది కాదది, వాడు లేకుండా ఉండలేక పెట్టుకున్నది. మధ్యాహ్నమంతా సిరంజితో వాడి నోట్లో పెరుగన్నం పట్టింది కూడా అందుకే. వాడు పళ్లు బిగించాడు, నేను బిగించనివ్వలేదు. ఇప్పటికీ చేతికి ఆ పట్టు గుర్తుంది. మీరు చుక్కలు పెడితే ఒక్కరే పెట్టకండి. ఇంట్లో మరో మనిషి చేత వేరుగా పెట్టించండి. రెండూ కలవని రోజు కూర్చుని మాట్లాడుకోండి.

ఖర్చు గురించి మాట్లాడటానికి సిగ్గుపడొద్దు. ‘ఈ ఆపరేషన్ చేస్తే ఎన్నాళ్లు బతుకుతుంది, ఆ రోజులు ఎలా ఉంటాయి?’ అని డాక్టరుని సూటిగా అడగండి. అర్ధరాత్రి ఆయాసం వచ్చాక అడిగితే సరైన ఆలోచన రాదు. కాస్త తేరుకుని ఉన్నప్పుడే అడిగి పెట్టుకోవాలి.

బాధ లేకుండా ప్రాణం తీసే ఇంజక్షన్ ఇప్పించడం పాపమేమో అన్న భయం మన ఇళ్లలో బలంగా ఉంది. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ నయం కాని జబ్బుతో విలవిల్లాడుతుంటే, ఇక లాభం లేదని వైద్యుడు చెప్పాక, గాంధీజీ ఆశ్రమవాసులతో చర్చించి దానికి ఇంజక్షన్ ఇప్పించారు. అహింసను నమ్మిన మనిషి ఇలా చేస్తాడా అని కోపంగా ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఆయన తప్పించుకోలేదు. బాధ తీర్చడానికి వేరే దారి లేనప్పుడు అదీ అహింసేనని ‘నవజీవన్’లో రాశారు. ఆ వాదన మీకు నచ్చకపోవచ్చు. మీ నమ్మకం ఒప్పుకోకపోతే ఇంజక్షన్ వద్దు. కానీ చివరి ఊపిరి దాకా నొప్పి తగ్గించే మందు మాత్రం ఇప్పించండి. మందూ లేకుండా, నిర్ణయమూ లేకుండా మూలన వదిలేసి ‘సహజంగా పోనీ’ అనడాన్ని నేను ఒప్పుకోలేను.

ఇప్పించేట్టయితే ఏం జరుగుతుందో ముందే తెలుసుకోండి. మొదట మత్తు ఇవ్వమని అడగండి. మత్తు ఎక్కాక రెండో మందు నరంలోకి వెళుతుంది, కొద్దిసేపట్లోనే గుండె ఆగుతుంది. కళ్లు మూతపడవు. గుండె ఆగిన తర్వాత కూడా ఒకటి రెండుసార్లు ఊపిరి తీసినట్టు కదలవచ్చు, మూత్రం పోవచ్చు. అది బాధ కాదు. ఇది తెలియక భయపడి బయటికి పరుగెత్తినవాళ్లని చూశాను. ఆ క్షణంలో మీ చెయ్యి దాని తల మీద ఉండాలి. పండు తల నా ఒళ్లో ఉంది, వెనక కాళ్ల దగ్గర అమ్మ కూర్చుంది.

తర్వాత నూజివీడు దగ్గర మా మావయ్య మామిడితోటలో నాలుగడుగుల గొయ్యి తీయించాం. లోతు తగ్గించకండి, బయట ఎక్కడా పారేయకండి. ఆ మందు శరీరంలో అలాగే ఉండి, తిన్న కుక్కల్నీ పక్షుల్నీ చంపుతుంది. స్థలం లేని హైదరాబాద్ వాళ్లకి నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో జంతువుల దహనవాటిక ఉంది.

పిల్లలకి ‘నిద్రపోయింది’ అని చెప్పకండి, రాత్రి పడుకోవడానికి భయపడతారు. చనిపోయిందనే చెప్పండి, వాళ్ల ముందు ఏడవండి.

ఇక మీ సంగతి. ‘కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకో’ అనేవాళ్లు తప్పకుండా వస్తారు. చుట్టూ ఉన్నవాళ్లు గుర్తించని ఇలాంటి దుఃఖం మీద కెన్నెత్ డోకా అనే అమెరికన్ పండితుడు 1989లో పుస్తకమే తెచ్చాడు. ఎవరూ పరామర్శకు రారు, సెలవు దొరకదు, అందుకే అది లోపలే మిగిలిపోతుంది. వినే మనిషిని మీరే వెతుక్కోవాలి.

నాలుగో రోజు పొద్దున్న అలవాటుగా ఐదున్నరకే మెలకువ వచ్చింది. గొలుసు కోసం చెయ్యి మేకు దాకా వెళ్లింది. ఒక్కణ్నే నడిచాను. టీకొట్టు అతను బిస్కెట్ చేతిలో పట్టుకుని నా వెనక్కి చూశాడు. తర్వాత స్టవ్ మంట తగ్గించి బెంచీ మీదకొచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఎప్పుడు సార్?”

టైల్స్ మీద జారిన రోజు నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను.