తాటి టెంకలో దంతం

వేసవిలో ముంజెలు, చలికాలంలో తేగలు మన పల్నాడులో తినని వారుండరు. తేగ విరిచాక టెంక కొట్టించి, లోపలి బుర్రగుంజు కోసం పోటీ పడడం కూడా మీకు అలవాటే. మరి ముంజె ముదిరిన తర్వాత, మొలక రాకముందు టెంకలో ఏముంటుంది? పండిన తాటిపండు టెంకను పెద్దవారి చేత పగలగొట్టించి చూడండి. గోరు దిగనంత గట్టి తెల్లని పదార్థం, దాని మధ్య బోలు కనిపిస్తాయి.

గట్టిదనానికి కారణం

లేత ముంజె, ఈ గట్టి పదార్థం రెండూ ఒకటే. దీనిని అంకురచ్ఛదం అంటారు. ఇది మొలకకు తల్లిచెట్టు కట్టి ఇచ్చిన సద్దిమూట. వరి గింజ తన ఆహారాన్ని పిండిపదార్థంగా దాస్తుంది. తాటి, ఖర్జూరం వంటివి కణకవచాలలోనే దాస్తాయి. మన్నోజ్ అనే చక్కెర అణువులు గొలుసుగా కలిస్తే మన్నన్ అవుతుంది. గింజ ముదిరేకొద్దీ మన్నన్ పేరుకొని కణకవచాలు మందమవుతాయి.

టెంకలను పాతర వేసినప్పుడు మొలక బీజదళం కొన లోపల ఉబ్బి, చూషకంగా మారుతుంది. అది ఎంజైముల సాయంతో మన్నన్‌ను కరిగించి పీల్చుకుంటుంది. ఆ చూషకమే మీరు తినే బుర్రగుంజు!

వృక్షదంతం

దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్, కొలంబియా అడవులలో టాగువా అనే తాటి జాతి చెట్టు ఉంది. దీని శాస్త్రీయనామం ఫైటెలిఫస్. గ్రీకు భాషలో ‘మొక్క ఏనుగు’ అని అర్థం. కోడిగుడ్డంత ఉండే దీని గింజలో బోలు చాలా తక్కువ. ఎండబెట్టి, కోసి, మెరుగు పెడితే అచ్చం ఏనుగు దంతంలా ఉంటుంది. ప్లాస్టిక్ వ్యాపించక ముందు చొక్కా గుండీలెన్నో దీనితోనే చేశారు. నేడు హారాలు, లోలాకులు చేస్తున్నారు. మన దేశంలో తాళపత్రాలకు ఆకునిచ్చిన శ్రీతాళం గింజలతోనూ పూసలు చేస్తారు.

అసలు దంతం ఏనుగు పై దవడలోని కుంతకం. అందులో కాల్షియం ఫాస్ఫేటు, కొల్లాజెన్ ఉంటాయి. దాని మొదలు పుర్రెలో లోతుగా ఉంటుంది కనుక, దంతం కోసం వేటగాళ్ళు ఏనుగునే చంపుతారు. భారత ఏనుగుల దంతాల వ్యాపారాన్ని మన దేశం 1986లో చట్టం ద్వారా నిషేధించింది. అంతర్జాతీయ నిషేధానికి 1989లో నిర్ణయం జరిగింది. టాగువా గింజ కోసం ఏ ప్రాణినీ చంపనక్కరలేదు, చెట్టునూ కొట్టనక్కరలేదు. రాలిన గింజలను ఏరుకుంటే చాలు. అయితే అన్నీ ఏరేస్తే రేపు మొలిచేదేది? కొన్నిటిని అడవికే వదలాలి.

మన తాడిచెట్టుకూ ఇదే లెక్క. కొడితే డబ్బు ఒక్కసారే. నిలబెడితే ఏటేటా ముంజెలు, తేగలు.

చేసి చూడండి

నాలుగు ఖర్జూరపు గింజలు తీసుకోండి. ఒకదానిని వడ్రంగులు వాడే ఉప్పుకాగితంపై రుద్దండి. పై పొర పోయి, లోపలి గట్టి పదార్థం నునుపు తేలుతుంది. అదీ మన్నన్ నిల్వే. మిగిలిన మూటినీ తడి ఇసుకలో నాటండి. మొలిచాక వారానికొకటి చొప్పున తీసి, పెద్దల సాయంతో కోయించండి. చూషకం పెరిగేకొద్దీ గట్టి భాగం తరగడం గమనించి, బొమ్మ గీయండి.

ఆలోచించండి: మొలకెత్తిన కొబ్బరికాయలో కనిపించే కొబ్బరిపువ్వు మొలకలోని ఏ భాగం?